కేస్ షీట్‌లో రాస్తే చెప్పినట్టేనా?

ప్రశ్న: అక్కా, ఫార్మ్‌.డి. (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) పూర్తిచేసి కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా చేరి ఎనిమిది నెలలైంది. 250 పడకలకు మేం ఇద్దరమే. రోజంతా కేస్ షీట్లు ఆడిట్ చేయడం, ఆసుపత్రి నాణ్యత గుర్తింపు కోసం ఎన్‌ఏబీహెచ్ ఫారాలు నింపడంతోనే సరిపోతోంది. పోయిన నెల ఐసీయూలో ఫిట్స్ జబ్బున్న ఒక పేషంటుకు వాల్‌ప్రొయేట్ నడుస్తుండగానే మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండూ కలిపి ఇవ్వకూడదని షీట్‌లో రాసి సంతకం పెట్టాను. ఎవరూ చూడలేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. కోలుకుని ఇంటికి వెళ్లాడు గానీ నాకు నిద్ర పట్టడం లేదు. సిస్టర్లు నన్ను చూస్తే 'తప్పులు పట్టే మేడం వచ్చింది' అంటారు. డాక్టర్లకు చెప్పబోతే నోరు పెగలదు. హైదరాబాద్‌లో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాల నమోదు) కంపెనీలో చేరితే జీతం మెరుగు, ఆదివారం సెలవు, ఈ బాధ ఎందుకు అంటున్నారు ఇంట్లో. ఉండనా, మానేయనా?

సమాధానం:

చెల్లీ,

ముందు ఆ ఐసీయూ పేషంటు సంగతి మాట్లాడుకుందాం. నీ ఉత్తరంలో మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

నువ్వు పట్టుకున్నది చాలా పెద్ద విషయం. మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్ జాతి యాంటీబయాటిక్ మొదలుపెడితే రక్తంలో వాల్‌ప్రొయేట్ లెవెల్ ఒకటి రెండు రోజుల్లోనే సగానికంటే కిందికి జారిపోతుంది. కాలేయం వాల్‌ప్రొయేట్‌ను గ్లూకురోనైడ్‌గా మార్చాక, అందులో కొంత మళ్లీ మందుగా వెనక్కి రావాలి. ఆ పని చేసే ఎంజైమును మెరోపెనెమ్ అడ్డుకుంటుంది. అందుకే వాల్‌ప్రొయేట్ డోసు పెంచుకుంటూ పోయినా లాభం ఉండదు. మెరోపెనెమ్ ఆపేశాక కూడా లెవెల్ మామూలుకు రావడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. ఒకపక్క బీపీ పడిపోతూ, మరోపక్క వెంటిలేటర్ అలారం మోగుతూ ఉన్న అర్ధరాత్రి వేళ డ్యూటీ డాక్టరుకు ఇది గుర్తు రాకపోవడంలో వింత లేదు. గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలనే మన ఉద్యోగం పుట్టింది.

ఆ ఫిట్స్‌కు నువ్వొక్కదానివే బాధ్యురాలివని అనుకోకు. మందు రాసినవారు, ఇచ్చినవారు, ఫార్మసిస్టు నోట్ చదివే అలవాటే లేని ఆ వార్డు, 250 పడకలను ఇద్దరి మీద వదిలేసిన యాజమాన్యం, అందరికీ అందులో భాగం ఉంది. నీ భాగం ఎంతో కూడా సూటిగా చెబుతాను. మార్చుకోవడం నీ చేతిలో ఉన్నది అదొక్కటే. నువ్వు రాశావు గానీ చెప్పలేదు.

మన ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు పేజీ కేస్ షీట్‌లో ఎక్కడో వెనక ఉంటుంది. కన్సల్టెంటు రాగానే రాత్రి నోట్స్, ల్యాబ్ రిపోర్టులు చూసి, ఎక్స్‌రే లైటుకు పెట్టి, ఆర్డర్లు రాసి పక్క బెడ్‌కు వెళ్లిపోతారు. వెనక పేజీ తిరగేసేది చాలావరకు ఆడిటర్ ఒక్కరే. మెరోపెనెమ్ ఎనిమిది గంటలకో డోసు పడుతుంది. నీ నోట్ ఆ పేజీలో ఉండగానే తొమ్మిది డోసుల దాకా వెళ్లిపోయి ఉంటాయి. అందుకని ఈ రోజు నుంచి ఒక కట్టుబాటు పెట్టుకో. ఈ పూటో రేపో పేషంటుకు హాని జరిగే అవకాశం ఉంటే, తర్వాతి డోసు వేళలోపు మందు మార్చగలిగిన మనిషితో నోటితో మాట్లాడాలి. రాయడం ఆ తర్వాత. రాసేటప్పుడు కూడా ఎన్ని గంటలకు ఎవరికి చెప్పావు, వారేమన్నారు అన్నది రాయి.

ముందు బెడ్ దగ్గరున్న డ్యూటీ డాక్టరు. అక్కడ తేలకపోతే కన్సల్టెంటుకు ఫోను. ఎత్తకపోతే మళ్లీ ఫోను, మెసేజ్, ఆపైన ఆ విభాగం పెద్ద, చివరికి మెడికల్ సూపరింటెండెంట్. ఈలోగా సిస్టర్‌తో 'డాక్టర్‌గారితో మాట్లాడుతున్నా, ఈ డోసు ఎక్కించే ముందు నన్నొకసారి అడగండి' అని చెప్పొచ్చు. మందు ఆపించే అధికారం మనకు లేదు, సెప్సిస్‌లో (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితిలో) యాంటీబయాటిక్ ఆలస్యమైతే అదీ ప్రాణం మీదికే వస్తుంది. కాబట్టి ఈ మాటలన్నీ నిమిషాల్లో జరిగిపోవాలి.

నోరు పెగలడం లేదన్నావు. 'ఈ రెండూ ఇంటరాక్షన్ సార్' అని మొదలుపెడితే ఎవరికైనా అంతే. అక్కడితో మాట ఆగిపోతుంది, డాక్టరు మొహం చూస్తూ నిలబడాల్సి వస్తుంది. దారి కూడా చూసుకుని వెళ్తే మాట దానంతట అదే వస్తుంది. 'సార్, నాలుగో బెడ్‌లో వాల్‌ప్రొయేట్ మీదున్న పేషంటుకు మెరోపెనెమ్ మొదలైంది. రేపటికి వాల్‌ప్రొయేట్ లెవెల్ పడిపోతుంది, ఫిట్స్ రావచ్చు. కల్చర్‌ను బట్టి వేరే యాంటీబయాటిక్‌కు వెళ్లగలమా? మెరోపెనెమే తప్పదంటే, కిడ్నీకి తగ్గ డోసులో లెవెటిరాసెటమ్ జత చేద్దామా?' అర నిమిషం మాట. అందులో పేషంటు ఉన్నాడు, ప్రమాదం ఉంది, రెండు దారులున్నాయి. డాక్టరు చేయాల్సింది ఒకటి ఎంచుకోవడమే. 'తప్పు', 'పొరపాటు' అన్న మాటలు ఎక్కడా లేవు, వాటి అవసరమూ లేదు.

అంకెల విషయంలోనూ అంతే. 72 ఏళ్ల అవ్వ, 45 కిలోలు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.4. రిపోర్టులో కాస్త ఎక్కువ అన్నట్టు కనిపిస్తుంది, అంతే. కిడ్నీ ఎంత వడకడుతోందో (క్లియరెన్స్) చెప్పే కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క కట్టి చూడు. 140లోంచి వయసు తీసేస్తే 68, దాన్ని 45తో హెచ్చించి, 72 ఇంటూ 1.4తో భాగించి, ఆడమనిషి కాబట్టి 0.85తో మళ్లీ హెచ్చిస్తే వచ్చేది దాదాపు 26. గుండెపోటుతో వచ్చిన ఆ అవ్వకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లెక్సేన్ 40 రోజుకు రెండుసార్లు పడుతోందనుకో. క్లియరెన్స్ 30 కంటే తక్కువ ఉన్నవారికి అది రోజుకు ఒక్కసారే ఇవ్వాలి, లేకపోతే రక్తస్రావం భయం. 'రీనల్ డోస్ చూడండి సార్' అంటే ఆ మాట గాలికి పోతుంది. '12వ బెడ్ అవ్వకు క్లియరెన్స్ 26 వస్తోంది సార్, క్లెక్సేన్ రోజుకు ఒకసారికి మార్చమంటారా?' అంటే పెన్ను తీస్తారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొత్తగా చేరిన మన పిల్లలు లెక్క నేర్చుకోగానే కనిపించిన ప్రతి మందు డోసూ తగ్గించమంటారు. సెప్సిస్‌తో వచ్చిన పేషంటుకు మొదటి డోసు నిండుగానే పడాలి. కిడ్నీ ఎలా ఉన్నా వాంకోమైసిన్, కొలిస్టిన్ లాంటి వాటి లోడింగ్ డోసు, అంటే ఆ మొదటి పెద్ద డోసు, తగ్గించకూడదు. తగ్గించేదంతా తర్వాత పడే డోసుల్లో. క్రియాటినిన్ గంటగంటకూ మారుతున్న పేషంటు దగ్గర ఆ ఫార్ములా చెప్పే అంకెను నమ్మడానికీ లేదు, అక్కడ మూత్రం ఎంత వస్తోందో చూడాలి. మొదటి రోజు సెప్సిస్ డోసును తగ్గించమని అడిగావంటే ఐసీయూ డాక్టరు ఇక నీ మాట వినడం మానేస్తారు. అలా మానేయడం సబబే.

ఇప్పుడు నీ రోజు సంగతి. మధ్యాహ్నం కూర్చుని నిన్నటి షీట్లు ఆడిట్ చేస్తే దొరికేవి జరిగిపోయిన విషయాలు. పొద్దున రౌండ్స్‌కు గంట ముందు వార్డులో ఉంటే ఇంకా జరగనివి దొరుకుతాయి. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆసుపత్రిలో ఫార్మసిస్టులు కింది మందుల గదిని వదిలి తొమ్మిదో అంతస్తులోని సర్జరీ వార్డులోనే కూర్చోవడం మొదలుపెట్టారు. ప్రపంచంలో క్లినికల్ ఫార్మసీకి అదొక పెద్ద మలుపు. 1999లో జామా వైద్య పత్రికలో మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ అధ్యయనం వచ్చింది. ఐసీయూ రౌండ్స్‌లో వైద్యుల వెంట ఒక ఫార్మసిస్టు నిలబడితే, మందు రాయడంలోని పొరపాట్ల వల్ల జరిగే నివారించదగ్గ హాని వెయ్యి పేషంట్-రోజులకు 10.4 నుంచి 3.5కు తగ్గింది. ఫార్మసిస్టు చెప్పినవాటిలో దాదాపు అన్నింటినీ వైద్యులు ఒప్పుకున్నారు. ఆ డాక్టర్లు మన డాక్టర్లకంటే మంచివాళ్లనేమీ కాదు. మందు రాస్తున్న క్షణంలో ఫార్మసిస్టు పక్కనే ఉన్నారు, అంతే తేడా.

మన దగ్గర ఈ పనికి వయసు తక్కువన్నదీ గుర్తుపెట్టుకో. మైసూరు, ఊటీల్లోని జేఎస్‌ఎస్ కాలేజీల్లో ఫార్మసీ ప్రాక్టీస్ చదువు మొదలైంది 1990ల చివర్లో. ఫార్మ్‌.డి. కోర్సు వచ్చింది 2008లో. మీ సీనియర్ కన్సల్టెంట్లలో చాలామంది తమ చదువు రోజుల్లో వార్డులో ఫార్మసిస్టును చూసి ఉండరు. వారికి ఫార్మసిస్టు అంటే కింద కౌంటర్‌లో ఇండెంట్ తీసుకునే మనిషి. నువ్వేం చేయగలవో వారికి ఎవరూ చెప్పలేదు, చూపించాల్సింది నువ్వే. అందరి వెంటా పడకు. కాస్త ఓపికగా మాట్లాడే కన్సల్టెంటు ఒకరిని చూసుకుని, వారి రౌండ్స్‌కు రోజూ వెళ్లు. ఆసుపత్రిలో మంచిమాట కూడా డాక్టర్స్ రూమ్‌లో టీ తాగేటప్పుడే పాకుతుంది.

ఇద్దరితో 250 పడకలు ఎవరివల్లా కాదు. అన్నీ చూసినట్టు సంతకాలు పెట్టడంకంటే, చూడాల్సినవాళ్లను నిజంగా చూడటం మేలు. ఐసీయూను నువ్వు తీసుకో. బయటి వార్డుల్లో క్రియాటినిన్ పెరిగినవాళ్లు, రక్తం పలచబడే మందుల మీదున్నవాళ్లు, ఫిట్స్ మందులున్నవాళ్లు, ఇన్సులిన్, పొటాషియం ఎక్కుతున్నవాళ్లు, పదికి మించి మందులున్నవాళ్లు, వీళ్ల పేర్లు రాత్రే రాసి పెట్టుకో. ఈ జాబితాలో మరీ చిన్నగా కనిపించేది ఒకటి చెబుతాను, దాన్ని వదలకు: పారాసిటమాల్. డోలో ఒక పక్క, నొప్పికి ట్రమడాల్‌తో కలిసిన గోలీ మరో పక్క, జ్వరానికి ఐవీ ఇంకోపక్క. ముగ్గురు రాసిన మూడింట్లోనూ అదే మందు. పెద్దవాళ్లకు రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. సన్నగా, కాలేయం దెబ్బతిని ఉన్నవాళ్లకు అంత కూడా పనికిరాదు.

ఇక సిస్టర్లు. నిజం చెప్పాలంటే ఈ భాగం గురించే నేను ఎక్కువ రాయాలనుకున్నాను. వార్డులో డాక్టరు ఉండేది కొన్ని నిమిషాలు, సిస్టర్ ఉండేది షిఫ్టంతా. నువ్వు ఇప్పటిదాకా వారి దగ్గరికి వెళ్లింది సంతకం లేదని, టైమ్ వేయలేదని చెప్పడానికే. ఒక నైట్ షిఫ్టులో ఒక్క సిస్టర్ ఎంతమంది పేషంట్లకు ఎన్ని ఇంజెక్షన్లు కలపాలో వారి పక్కన నిలబడి చూడు. వాళ్ల సందేహాలు మన చదువులో మనకు బాగా వచ్చినవే. ఫెనిటాయిన్‌ను నార్మల్ సెలైన్‌లోనే కలపాలి, డెక్స్‌ట్రోజ్‌లో వేస్తే పొడిలా విరిగిపోతుంది. నిమిషానికి 50 మిల్లీగ్రాములకు మించి పోకూడదు. యాంఫోటెరిసిన్ దీనికి పూర్తిగా విరుద్ధం, సెలైన్ తగలకూడదు, 5 శాతం డెక్స్‌ట్రోజే. రింగర్ లాక్టేట్ పోతున్న లైన్‌లో సెఫ్‌ట్రయాక్సోన్ కలిపి ఎక్కించకూడదు, అందులో కాల్షియం ఉంది. నెలలోపు పసివాళ్లలో అది మరీ ప్రమాదం. వాంకోమైసిన్ గబగబా ఎక్కిస్తే ఒళ్లంతా ఎర్రబడి బీపీ పడిపోతుంది, కనీసం గంట పట్టాలి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ నేరుగా నరంలోకి ఇవ్వకూడదు.

ఇవన్నీ పెద్ద అక్షరాలతో ఒకే కాగితం మీద రాసి, మందుల ట్రాలీకి అంటించు. మీ ఐసీయూలో ఎక్కువగా వాడే ఇరవై ఇంజెక్షన్లు చాలు. దేనిలో కలపాలి, ఎంతలో, ఎంతసేపు, ఏ లైన్‌లో వద్దు, ఇంతే. కింద నీ ఫోన్ నంబరు రాయి. అర్ధరాత్రి కూడా ఫోన్లు వస్తాయి, ఎత్తు. మొదటిసారి సిస్టర్ తనంతట తానే ఫోన్ చేసి 'మేడం, ఈ రెండూ ఒకే లైన్‌లో పోవచ్చా?' అని అడిగిందంటే ఆ వార్డు నీదైనట్టే. తర్వాత సంతకం మర్చిపోయారని నువ్వు గుర్తుచేసినా వారికి కష్టం కలగదు. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఉన్న పేషంట్లలో ఏ గోలీలు నూరకూడదో కూడా అదే కాగితం వెనక రాసిపెట్టు. రోజంతా మెల్లగా విడుదలయ్యే గోలీని నూరి పోస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి పోతుంది.

పేషంట్లతో, వారి వెంట వచ్చినవాళ్లతో మాట్లాడటానికి ఎంత టైమ్ ఇవ్వగలవో అంత ఇవ్వు. అడ్మిషన్ రోజు డ్యూటీ డాక్టరు 'షుగర్, బీపీ ఉన్నాయా?' అని అడిగి రాసుకుంటారు. నువ్వు అడగాల్సింది వేరు. 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం వేసుకున్నారు? ఇంట్లో ఉన్న గోలీలన్నీ కవర్‌లో వేసుకుని రమ్మనండి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారా? నాటు మందు, పసరు ఏమైనా వాడుతున్నారా?' ఆ కవర్‌లోంచి బయటపడేవి షీట్‌లో ఉండవు. గుండె కవాటం ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడటానికి వాడే ఎసిట్రోమ్, కీళ్ల జబ్బుకు వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్, ఏళ్ల తరబడి వేసుకుంటున్న స్టెరాయిడ్ గోలీ. ఆ స్టెరాయిడ్ సంగతి ఎవరికీ తెలియక ఆపరేషన్ రోజున ఆగిపోతే, బీపీ ఎందుకు పడిపోతోందో అర్థంకాక అందరూ తలలు పట్టుకుంటారు. డిశ్చార్జ్ రోజున మెథోట్రెక్సేట్ రోజూ అని పడిందేమో కళ్లు పెట్టుకుని చూడు. వారానికి ఒకసారి అని మాత్రమే రాయకుండా 'ప్రతి ఆదివారం' అని వారం పేరుతో రాయించు, ఇంటికి తీసుకెళ్లేవాళ్ల చేత ఆ మాట తిరిగి చెప్పించు.

పేషంటు దగ్గర నిలబడ్డప్పుడు 'నేను మందుల విషయం చూసే ఫార్మసిస్టును' అని చెప్పుకో. పేరు ముందు డాక్టర్ అని ఉండాలా వద్దా అన్న గొడవ మనవాళ్లలో చాలా నడుస్తోంది. బెడ్ మీదున్న మనిషికి మాత్రం తనతో మాట్లాడుతున్నది ఎవరో స్పష్టంగా తెలియాలి.

ఇవన్నీ చేస్తూ ఒక నోట్‌బుక్ రాసుకో. తేదీ, వార్డు, ఏం చూశావు, ఎవరికి చెప్పావు, ఒప్పుకున్నారా, ఆ తర్వాత ఏమైంది. పేషంటు పేరు వద్దు. నెలాఖరున అందులోంచి ముఖ్యమైనవి తీసి ఆసుపత్రిలో మందుల వాడకాన్ని చూసే ఫార్మసీ అండ్ థెరప్యూటిక్స్ కమిటీ ముందు పెట్టమని అడుగు. ఎన్‌ఏబీహెచ్ కావాలనుకునే ఆసుపత్రికి ఆ కమిటీ ఉండి తీరాలి. మందు వల్ల వచ్చిందని అనుమానం ఉన్న ప్రతి దద్దురునీ, కామెర్లనూ మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం పీవీపీఐకి పంపు. వారి హెల్ప్‌లైన్ 1800-180-3024. మందే కారణమని నిరూపించాల్సిన పని లేదు, అనుమానం చాలు. మీ ఇంట్లోవాళ్లు చెబుతున్న ఫార్మకోవిజిలెన్స్ కంపెనీల్లో కంప్యూటర్ మీద చదివే కేసుల్లో కొన్ని ఇలాంటి వార్డుల్లోంచి వెళ్లినవే.

ఇక నీ అసలు ప్రశ్న. ఫార్మకోవిజిలెన్స్ మంచి ఉద్యోగమే, చిన్నచూపు చూడకు. జీతం గురించి ఇంట్లోవాళ్లు చెప్పింది నిజం. వార్డులో మొదట్లో ఇచ్చేది ఆరేళ్ల చదువుకు తగ్గట్టు లేదు, దాన్ని ఓర్చుకోమని నీకు చెప్పే హక్కు నాకు లేదు. ఇంటి అప్పు నీ మీద ఉంటే, వేరే ఆలోచన లేకుండా వెళ్లిపో. అలాంటిదేమీ లేకపోతే మాత్రం, ఆ ఫిట్స్ కేసు భయంతో వెళ్లొద్దు. చూసినదాన్ని చూడనట్టు వదిలేయలేక నిద్ర పోగొట్టుకున్న మనిషివి, వార్డుకు నీలాంటివాళ్లే కావాలి.

మెడికల్ సూపరింటెండెంట్‌ను టైమ్ అడిగి కలువు. రెండే కోరికలు పెట్టు. రోజూ పొద్దున ఐసీయూ రౌండ్స్‌లో ఉంటాను, ఫారాల పనిలో సగం క్వాలిటీ విభాగం తీసుకోవాలి. నోట్‌బుక్ వెంట తీసుకెళ్లు. ఒప్పుకుంటే ఆరునెలలు గట్టిగా పనిచేసి చూడు. ఒప్పుకోకపోతే ఆసుపత్రి మార్చు, ఈ పని మార్చకముందే. హైదరాబాద్‌లో వేరే ఆసుపత్రికి ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు జీతంతోపాటు ఇవీ అడుగు: ఎన్ని పడకలకు ఎంతమంది ఫార్మసిస్టులు? రౌండ్స్‌కు వెళ్తారా? కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది? ఒక పూట ఐసీయూలో నిలబడి చూడనిస్తారా? చివరి ప్రశ్నకు వద్దన్న చోట చేరకు. గల్ఫ్ అయినా అమెరికా అయినా తర్వాత ఆలోచించుకోవచ్చు. అమెరికాలో ఫార్మసిస్టు లైసెన్సు కోసం ఎఫ్‌పీజీఈఈ పరీక్ష రాసేవాళ్లకు కూడా ఈ వార్డు రోజుల్లో చదివిందే అక్కరకొస్తుంది.